గృహ జలశుద్ధి పరికరాలు

గృహ జలశుద్ధి పరికరం అనగా కుళాయి, బావి, చెరువు లేక గొట్టపుబావి నుండి వచ్చిన నీటిని ఇంటివద్దనే త్రాగుటకు అనువుగా మార్చే సాధనం. వాడుకలో దీనిని వాటర్ ఫిల్టరు అంటారు. నీటిలో ఉండగల దోషాలన్నిటినీ సమానంగా తొలగించే పరికరం ఏదీ లేదు. ఒక్కొక్క పద్ధతి కొన్ని దోషాలను తొలగించి, మరికొన్నిటిని యథాతథంగా వదిలివేస్తుంది. కావున ముందు నీటిలోని దోషమేమిటో తెలుసుకొని, ఆ పిదప దానికి తగిన పరికరాన్ని ఎన్నుకోవలసి ఉంటుంది. ఆచరణలో చాలామంది దీనికి విరుద్ధంగా, ముందు పరికరం కొని, నీటి సంగతి తరువాత ఆలోచిస్తారు.

నీటిలోని దోషాలు

త్రాగునీటి దోషాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది కలక, అనగా నీటిలో తేలియాడే మట్టి, బురద రేణువులు. వర్షాకాలంలో గోదావరి ఎర్రనీరు దీనికి మంచి ఉదాహరణ. రెండవది సూక్ష్మజీవులు. కలరా, టైఫాయిడ్, విరేచనాలు, నీటి ద్వారా వ్యాపించే పచ్చకామెర్లు (హెపటైటిస్ ఎ, ఇ) వీటి వలన కలుగుతాయి. మూడవది నీటిలో కరిగిన పదార్థాలు. ఉప్పదనం, కఠినత్వం, ఫ్లోరైడు, నైట్రేటు, ఆర్సెనిక్ మొదలైనవి ఈ కోవకు చెందుతాయి.

కలక కంటికి కనబడుతుంది. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది. నీరు కఠినమైనదైతే సబ్బు నురగ రాదు, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, గిన్నెల అడుగున తెల్లని పొర పేరుకుంటుంది. ప్రమాదకరమైన సూక్ష్మజీవులు, ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం రంగుకు, రుచికి, వాసనకు అందవు. "మా బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయి" అన్న మాట ఆ నీరు సురక్షితమనడానికి ఆధారం కాజాలదు.

నీటి పరీక్ష

భారతదేశంలో త్రాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం (2012 సవరణ) ఆధారం. దీని ప్రకారం కరిగిన మొత్తం ఘనపదార్థాలు (టి.డి.ఎస్.) లీటరుకు 500 మి.గ్రా. వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనపుడు 2000 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడుకు ఈ హద్దులు 1.0, 1.5 మి.గ్రా.; మొత్తం కఠినత్వానికి 200, 600 మి.గ్రా. నైట్రేటు 45 మి.గ్రా. మించరాదు. మలసంబంధమైన ఇ. కోలై బాక్టీరియా 100 మి.లీ. నీటిలో ఒక్కటి కూడా ఉండరాదు.

నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలలో పరీక్ష చేయించుకోవచ్చు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కూడా నీటి పరీక్షలు చేస్తారు. గొట్టపుబావి నీటిని ఒకసారి వేసవిలోను, ఒకసారి వానల తరువాత పరీక్షించడం మంచిది, ఎందుకంటే భూగర్భజల మట్టంతోపాటు కరిగిన పదార్థాల గాఢత కూడా మారుతుంది.

పరికరాలు అమ్మేవారు చూపించే చేతి మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి, దానినుండి టి.డి.ఎస్. ను అంచనా వేస్తుంది. కరిగిన లవణాల మొత్తాన్ని తప్ప, అందులో ఏది ఎంత ఉన్నదో ఇది చెప్పలేదు. లీటరుకు 600 మి.గ్రా. టి.డి.ఎస్. ఉన్న నీటిలో 3 మి.గ్రా. ఫ్లోరైడు ఉంటే, అది మొత్తంలో 200వ వంతు మాత్రమే. మీటరుకు అది అసలు కనబడదు. సూక్ష్మజీవుల సంగతి సరేసరి.

కొందరు విక్రేతలు చేసే మరొక ప్రదర్శన గురించి కూడా చెప్పుకోవాలి. రెండు గ్లాసులలో కుళాయి నీటిని, పరికరం నుండి వచ్చిన నీటిని పోసి, వాటిలో లోహపు కడ్డీలుంచి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. కొద్దిసేపటికి కుళాయి నీరు గోధుమరంగు బురదగా మారుతుంది. చూసేవారు హడలిపోతారు. నిజానికి ఆ బురద నీటిలోనిది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. లవణాలున్న నీటిలో విద్యుత్తు ప్రవహించి ఇనుము కరుగుతుంది; లవణాలు తీసివేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు గనుక అది తేటగా ఉండిపోతుంది. ఆ "శుద్ధమైన" గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి చూస్తే అదీ అలాగే మారుతుంది.

సాంప్రదాయిక పద్ధతులు

చిల్లగింజను (దీనినే ఇండుపగింజ అని కూడా అంటారు) కుండ లోపలి గోడకు అరగదీసి నీరు పోస్తే మట్టి అడుగుకు చేరుతుంది. పటిక పని కూడా ఇదే. ఈ రెండూ కలకను తగ్గిస్తాయి గాని, సూక్ష్మజీవులను పూర్తిగా తొలగించవు. బంగ్లాదేశ్‌లో జరిగి 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పాతచీరను కనీసం నాలుగు మడతలు వేసి నీటిని వడకట్టిన గ్రామాలలో కలరా దాదాపు సగానికి తగ్గినట్లు తేలింది. కలరా క్రిములు ఎక్కువగా నీటిలోని చిన్న చిన్న జలచరాలను అంటిపెట్టుకొని ఉండడమే ఇందుకు కారణం.

సూక్ష్మజీవులకు సంబంధించినంతవరకు కాచడాన్ని మించిన నమ్మకమైన పద్ధతి లేదు. నీరు తెర్లిన తరువాత ఒక నిమిషం కాగితే చాలు. వంటచెరకు, గ్యాసు ఖర్చు దీనికి ప్రధాన ఆటంకం.

పరికరాల రకాలు

క్యాండిల్ ఫిల్టరు: రెండు అంతస్తుల స్టీలు పాత్రలో పింగాణీ క్యాండిళ్ళు అమర్చిన ఈ సాధనం ఎన్నో తెలుగు ఇళ్ళకు సుపరిచితం. ఇది కలకను, చాలావరకు బాక్టీరియాను ఆపుతుంది. వైరస్‌లు వీటి రంధ్రాలకంటే చాలా చిన్నవి గనుక దాటిపోగలవు. విద్యుత్తు అవసరం లేదు.

ఉత్తేజిత కర్బనం: క్లోరిన్ వాసనను, రంగును, కొన్ని పురుగుమందుల అవశేషాలను పీల్చుకుంటుంది. దీనిని సాధారణంగా ఇతర పద్ధతులతో జతచేస్తారు. ఎక్కువకాలం మార్చకుండా ఉంచితే ఇందులోనే బాక్టీరియా పెరుగుతుంది.

అతినీలలోహిత (యు.వి.) పరికరం: సుమారు 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి వృద్ధిచెందకుండా చేస్తాయి. నీరు తేటగా ఉంటేనే ఇది పనిచేస్తుంది, ఎందుకంటే మట్టిరేణువుల నీడలో క్రిములు తప్పించుకుంటాయి. కరిగిన పదార్థాలను ఏమాత్రం తగ్గించదు.

అల్ట్రాఫిల్ట్రేషన్ (యు.ఎఫ్.): సుమారు 0.01 మైక్రాను రంధ్రాలుగల పొర. బాక్టీరియాను, చాలా వైరస్‌లను ఆపుతుంది. ఎత్తునుండి దిగే నీటి ఒత్తిడితోనే పనిచేసే నమూనాలు ఉన్నందున, కరెంటు కోతలున్న ఊళ్ళకు ఇది అనువైనది. కరిగిన లవణాలు ఇందులోనుండి కూడా దాటిపోతాయి.

తిరోగామి ద్రవాభిసరణం (ఆర్.ఓ.): సహజ ద్రవాభిసరణంలో నీరు పలుచని ద్రావణం నుండి చిక్కని ద్రావణంవైపు పోతుంది. చిక్కని ద్రావణంపై ఒత్తిడి కలిగించి ఈ దిశను తిప్పివేయడమే ఈ పద్ధతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ 1950ల చివరలో చేసిన పరిశోధనల వలన దీనికి తగిన పొర సాధ్యమైంది. ఇళ్ళలో వాడే పద్ధతులలో ఉప్పదనం, కఠినత్వం, ఫ్లోరైడు, నైట్రేటు అన్నిటినీ ఒకేసారి బాగా తగ్గించేది ఇదే.

ఫ్లోరైడు నీరు

తప్పు పరికరం వలన అధిక నష్టం జరిగేది ఫ్లోరైడు ప్రాంతాలలో. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట వర్ణించినది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లానుండి. తెలంగాణలో నల్గొండ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం, అనంతపురం జిల్లాలు ఈ సమస్యకు పేరుపడ్డాయి. గ్రానైటు వంటి శిలలలోని ఖనిజాలనుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. చిన్నతనంలో ఈ నీరు త్రాగినవారికి పళ్ళు గారపడతాయి. ఏళ్ళతరబడి అధిక మోతాదులో త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఒకసారి వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు.

ఫ్లోరైడు నీటిని కాచి త్రాగితే దోషం పోతుందని కొందరు నమ్ముతారు. ఇది పొరపాటు. లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడు ఉన్న 2 లీటర్ల నీటిని ఒకటిన్నర లీటరు అయ్యేవరకు మరిగిస్తే, ఆవిరైపోయేది నీరే గనుక ఫ్లోరైడు లీటరుకు 4 మి.గ్రా. అవుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యు.వి., యు.ఎఫ్. కూడా దీనిని తొలగించలేవు. ఇంట్లో ఫిల్టరు ఉన్నదన్న ధీమాతో అదే నీటిని పిల్లలకు త్రాగించడం కంటే, ఫిల్టరు లేదన్న భయంతో వేరే నీరు తెచ్చుకోవడం మేలు.

నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, కొద్ది నిమిషాలు కలియబెట్టి, సుమారు గంటసేపు కదపకుండా ఉంచి, పైతేటను వంచుకుంటారు. బకెట్టులోనే చేయగలిగినంత సులువైనది. అయితే పటిక మోతాదు ఆ నీటిలోని ఫ్లోరైడు, క్షారత్వాలనుబట్టి మారుతుంది గనుక కంటి అంచనాతో వేయరాదు. ఉత్తేజిత అల్యూమినా మరొక మార్గం. అది నిండిపోయినపుడు పైకి ఏ గుర్తూ కనబడదు, కాబట్టి అడపాదడపా శుద్ధిచేసిన నీటిని పరీక్షించవలెను.

ఆర్.ఓ. వాడేవారు ఒక విషయం గమనించాలి. చాలా పరికరాలలో "రుచి కోసం" టి.డి.ఎస్. నియంత్రకం ఉంటుంది. ఇది పొర గుండా పోని నీటిని కొంత తిరిగి కలుపుతుంది. మూడింట ఒక వంతు అటువంటి నీరు కలిస్తే, లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడులో 1 మి.గ్రా. వెనక్కు వచ్చినట్లే. ఫ్లోరైడు ఉన్నచోట దీనిని మూసి ఉంచాలి. వంట నీటి విషయం కూడా ఇటువంటిదే: త్రాగేది ఫిల్టరు నీరై, అన్నం, పప్పు, టీ బోరు నీటితో చేస్తే ప్రయోజనం చాలావరకు పోతుంది. స్నానానికి, బట్టలకు మాత్రం ఈ నీరు వాడుకోవచ్చు.

తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా నదీజలాలు అందిన ఊళ్ళలో, ఆ నీటిని త్రాగడం ఈ పరికరాలన్నిటికంటే సులభమైన పరిష్కారం.

ఆర్.ఓ. పై వివాదం

ఇళ్ళలోని సాధారణ ఆర్.ఓ. పరికరం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్ల నీటిని బయటకు వదులుతుంది. ఐదుగురున్న ఇంట్లో త్రాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు కావాలంటే 40 నుండి 60 లీటర్లు వ్యర్థంగా పోతాయన్నమాట. అదీగాక శరీరానికి అవసరమైన కాల్షియం, మెగ్నీషియం కూడా తొలగిపోతాయి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, టి.డి.ఎస్. 500 మి.గ్రా. కంటే తక్కువ ఉన్నచోట ఈ పరికరాల వాడకాన్ని నిషేధించేలా చర్యలు తీసుకొమ్మని కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. తయారీదారులు దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023లో కేంద్ర ప్రభుత్వం జలశుద్ధి పరికరాల వినియోగంపై నియమాలను ప్రకటించింది.

న్యాయపరమైన వాదన ఎలా ఉన్నా, చక్కని నదీజలం కుళాయిలో వచ్చే ఇంటికి ఆర్.ఓ. అనవసరమనే చెప్పాలి. వ్యర్థ నీటిని ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. మరీ ఉప్పనైనదైతే మొక్కలకు పోయరాదు.

ఎంపిక

హైదరాబాదుకు మంజీర, కృష్ణా, గోదావరి జలాలు శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి సరఫరా అవుతాయి. వీటికి యు.వి. లేక యు.ఎఫ్. సరిపోతుంది. కాని అపార్టుమెంట్ల సంపులో బోరు నీరు, ట్యాంకరు నీరు కలుస్తుంటే, కుళాయిలో వచ్చేది నది నీరు కాదు. అక్కడ పరీక్షించవలసినది సంపు నీటిని. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువల ద్వారా నింపుకొనే మంచినీటి చెరువుల నీటికి మొదట కలక తీసి, తరువాత క్రిములను తొలగించాలి. క్యాండిల్ ఫిల్టరులో వడకట్టి కాచినా చాలు. సముద్రతీరాన ఉప్పుబారిన బోర్లకు, ఫ్లోరైడు లేక నైట్రేటు హద్దు మీరిన నీటికి ఆర్.ఓ. సమంజసం. కేవలం కఠినత్వమే సమస్యైతే కాచడం వలన కొంతభాగం తగ్గుతుంది. స్నానాల గదికి అమర్చే మృదుకారి యంత్రం నీటిలో సోడియం పెంచుతుంది గనుక, రక్తపోటు ఉన్నవారు ఆ నీటిని త్రాగుటకు వాడకపోవడం మంచిది.

కొనేముందు పరికరం ధరతోపాటు, ఏటా మార్చవలసిన విడిభాగాల ధరను, ఊళ్ళో బాగుచేసేవారు ఉన్నదీ లేనిదీ కూడా విచారించాలి.

సంరక్షణ

క్యాండిళ్ళను సబ్బు లేకుండా మెత్తని బ్రష్‌తో రుద్ది కడగాలి. పగుళ్ళు కనబడితే మార్చివేయాలి. యు.వి. దీపం వెలుగుతున్నంతకాలం పనిచేస్తున్నట్లు కాదు, దాని శక్తి క్రమంగా తగ్గుతుంది గనుక సాధారణంగా ఏడాదికొకసారి మార్చవలసి వస్తుంది. ఆర్.ఓ. పొర పాడైందో లేదో తెలుసుకొనుటకు మాత్రం చేతి మీటరు చక్కగా ఉపయోగపడుతుంది: లోపలికి పోయే నీటి టి.డి.ఎస్. మారకుండా, వచ్చే నీటి టి.డి.ఎస్. నెలనెలా పెరుగుతుంటే పొర మార్చే సమయం వచ్చినట్లే. శుద్ధిచేసిన నీటిని మూతగల పాత్రలో ఉంచి, చేయి ముంచకుండా కుళాయితో గాని, పొడవాటి కాడగల గరిటెతో గాని తీసుకోవాలి.