బార్బీ బొమ్మ: మారిన శరీరాకృతులు

బార్బీ అమెరికాకు చెందిన మాటెల్ సంస్థ తయారుచేసే ఫ్యాషన్ బొమ్మ. రూత్ హ్యాండ్లర్ రూపకల్పన చేసిన ఈ బొమ్మను 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో ఆవిష్కరించారు. ఆమె కుమార్తె బార్బరా పేరు మీదుగానే దీనికి ఆ పేరు వచ్చింది.

అతి సన్నని నడుము, పొడవైన కాళ్లు గల ఈ రూపం వాస్తవ స్త్రీ దేహానికి దూరమన్న విమర్శ దశాబ్దాలుగా ఉంది. 1965 నాటి ఒక బార్బీతో పాటు 110 పౌండ్లు చూపే తూకపు యంత్రం, బరువు తగ్గాలంటే తినవద్దని చెప్పే చిన్న పుస్తకం ఇచ్చేవారు. బార్బీ చిత్రాలు చూసిన చిన్నారి బాలికల్లో తమ శరీరంపై అసంతృప్తి పెరిగినట్లు 2006లో బ్రిటన్ పరిశోధకులు వెల్లడించారు.

2014లో నికొలాయ్ లామ్ అనే కళాకారుడు అమెరికాలోని 19 ఏళ్ల యువతుల సగటు కొలతలతో 'లామిలీ' బొమ్మను రూపొందించారు. 2016 జనవరిలో మాటెల్ కూడా పొడవు, పొట్టి, బొద్దు ఆకృతులను, 7 చర్మఛాయలను ప్రకటించింది. దుస్తులన్నీ అన్ని ఆకృతులకూ సరిపోవు గనుక కొలతలు వేరుచేయవలసి వచ్చింది.

2019లో చక్రాల కుర్చీతో, 2023లో డౌన్ సిండ్రోమ్ లక్షణాలతో బార్బీలు వచ్చాయి. తొలినాటి సన్నని ఆకృతి మాత్రం వీటి పక్కనే కొనసాగుతోంది.