బోర్డు పుస్తకాలు: పసిపిల్లలకు ఎంపిక

బోర్డు పుస్తకాలంటే మందపాటి అట్టనే పేజీలుగా చేసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, మూడేళ్లలోపు పిల్లల కోసం తయారుచేసే బొమ్మల పుస్తకాలు. అమెరికాలో రచయిత్రి రోజ్‌మేరీ వెల్స్ 1979లో మ్యాక్స్ అనే పాత్ర పుస్తకాలతో వీటిలోకి చిన్న చిన్న కథలు తెచ్చారు.

పుట్టిన కొత్తలో చూపు 20–30 సెంటీమీటర్ల దూరంలోనే నిలుస్తుంది కాబట్టి నలుపు తెలుపుల పెద్ద ఆకారాలు చాలు. టానా హోబన్ ‘బ్లాక్ ఆన్ వైట్’ (1993) ఇందుకు మంచి నమూనా. అందులో మాటలే లేవు.

ఐదారు నెలలకు పుస్తకం తిన్నగా నోట్లోకి వెళ్తుంది. పాడుచేయడం కాదది, పరిశీలన. అతికించిన గుడ్డముక్కలు, గుండీలు ఊడివస్తాయేమో కొనేముందే గోటితో లాగి చూడాలి. గొంతుకు అడ్డం పడే ముప్పు వీటితోనే. చొంగకు అట్ట పొరలు విడిపోయే నాసిరకాన్ని పక్కన పెట్టాలి.

తొమ్మిది నెలలు దాటాక పేజీ తిప్పే ప్రయత్నం మొదలవుతుంది, ఒకేసారి మూడు పేజీలు తిప్పేసినా సరే. పేజీకొక వస్తువు, అంటే గిన్నె, చెప్పు, కాకి వంటిది, ఉంటే వేలుపెట్టి చూపిస్తారు. ఇంగ్లీషు పుస్తకమైనా “కాకేదీ?” అని తెలుగులో అడగడానికి అడ్డేమీ లేదు.

అట్టమీద అచ్చువేసినంత మాత్రాన ఏ పుస్తకమైనా పసివాళ్లకు తగినదైపోదు. నాలుగేళ్లవారి కథను కుదించి ఇరికించినవి అంగళ్లలో చాలానే ఉంటాయి. మడత తెరిస్తే బొమ్మ కనిపించే రకం ఏడాదిన్నర తర్వాత నయం. ముందు చిరిగేది ఆ మడతలే.