అడవి పియోనీల పెంపకం

పియోనీ అనేది పియోనియేసి కుటుంబానికి చెందిన పూల మొక్క. ఈ కుటుంబంలో పియోనియా అనే ఒకే ఒక్క ప్రజాతి ఉన్నది. ఇందులో సుమారు 30 నుండి 35 జాతులు ఉన్నట్లు వృక్షశాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. పూల దుకాణాలలో కనిపించే ముద్ద పియోనీలు శతాబ్దాల ఎంపిక, సంకరీకరణల వలన ఏర్పడినవి. వీటికి మూలమైన సహజ జాతులను, తోటలలోకి రాకుండా మిగిలిపోయిన వాటి బంధు జాతులను అడవి పియోనీలు అంటారు. ఇవి ఆసియా, ఐరోపా, ఉత్తర అమెరికా పశ్చిమ భాగాలలో పెరుగుతాయి. ప్రతి జాతీ తన జన్మస్థానంలోని చలికి, వానకు, నీడకు అలవాటుపడి ఉంటుంది. కనుక తోట ఉన్న ప్రాంతపు వాతావరణాన్ని బట్టి జాతిని ఎంచుకోవడం వీటి పెంపకంలో ముఖ్యమైన విషయం. విత్తనం నాటిన తరువాత పువ్వు రావడానికి సాధారణంగా నాలుగైదు సంవత్సరాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువలన ఎంపిక సరికాకపోతే ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

పేరు, వర్గీకరణ

గ్రీకు పురాణాలలో దేవతలకు వైద్యుడైన పేయోన్ పేరు మీదుగా ఈ మొక్కకు పియోనీ అనే పేరు వచ్చినది. 1753లో కార్ల్ లిన్నేయస్ ఈ ప్రజాతికి శాస్త్రీయ నామాన్ని స్థిరపరచాడు. పూర్వం దీనిని రనన్‌క్యులేసి కుటుంబంలో చేర్చేవారు. తరువాత ప్రత్యేక కుటుంబంగా గుర్తించారు. జన్యు అధ్యయనాల ఆధారంగా ఇప్పుడు ఈ కుటుంబాన్ని సాక్సిఫ్రాగేలిస్ క్రమంలో ఉంచుతున్నారు.

ఈ ప్రజాతిని మూడు విభాగాలుగా విభజిస్తారు.

1. గుల్మ పియోనీలు: చలికాలంలో నేలపై భాగం పూర్తిగా ఎండిపోయి, వసంతంలో దుంప వేర్ల నుండి తిరిగి చిగురిస్తాయి. ఎక్కువ జాతులు ఈ విభాగానివే. ఇవి ఐరోపా, ఆసియా ఖండాలలో ఉన్నాయి.
2. వృక్ష పియోనీలు: పేరులో వృక్షమని ఉన్నా ఇవి నిజానికి పొదలు. కాండం చేవదేరి ఏడాది పొడవునా నిలిచి ఉంటుంది. వీటి సహజ జాతులన్నీ టిబెట్‌తో సహా చైనాకు చెందినవే.
3. అమెరికా పియోనీలు: ఇందులో పియోనియా బ్రౌనై, పియోనియా కాలిఫోర్నికా అనే రెండు జాతులు మాత్రమే ఉన్నాయి. వీటి పువ్వులు చిన్నవిగా, ముదురు ఎరుపు లేదా గోధుమ వన్నెలో ఉండి తలలు వాల్చి ఉంటాయి.

సాధారణ లక్షణాలు

అడవి పియోనీల పువ్వులు ఒంటి రెక్కవి. మధ్యలో పసుపు పచ్చని కేసరాలు గుత్తిగా ఉంటాయి. ఒక పువ్వు కొద్ది రోజులు మాత్రమే నిలుస్తుంది. ఫలం ఏకవిదారక ఫలం, అనగా ఒక వైపు మాత్రమే పగిలే కాయ. పియోనియా ఒబోవేటా వంటి జాతులలో కాయ పగిలినప్పుడు నీలి నలుపు రంగు గట్టి విత్తనాలు, వాటి మధ్య ఎర్రని తాలు విత్తనాలు కనిపిస్తాయి. దుంప వేర్లలో ఆహారం నిల్వ ఉండడం వలన ఇవి దీర్ఘకాలం జీవిస్తాయి. ఒకసారి కుదురుకున్న మొక్కను కదిలించకపోతే అదే చోట దశాబ్దాల పాటు పూస్తుంది.

చలి ఆవశ్యకత

పియోనీ మొగ్గలు శరదృతువులో సుప్తావస్థలోకి వెళతాయి. వాటి నిద్ర వీడాలంటే సున్నాకు కొద్దిగా పైన ఉండే చల్లదనం కొన్ని వారాల పాటు అందాలి. చాలినంత చలి అందకపోతే చిగుళ్ళు బలహీనంగా వస్తాయి, లేదా ఆకులు వచ్చి పువ్వులు రావు. ఈ అవసరం అన్ని జాతులలో ఒకే విధంగా ఉండదు. సైబీరియా జాతులకు దీర్ఘమైన శీతాకాలం కావాలి. మధ్యధరా జాతులు తేలికపాటి చలితోనే మేల్కొంటాయి.

వాతావరణాన్ని బట్టి జాతుల ఎంపిక

తీవ్రమైన శీతాకాలం గల ఖండాంతర ప్రాంతాలు

రష్యా, మంగోలియా, కెనడా లోతట్టు మైదానాల వంటి చోట్ల చలి వలన కలిగే నష్టం తక్కువ. మంచు దుప్పటి వేర్లను కాపాడుతుంది. పియోనియా లాక్టిఫ్లోరా సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనాలకు చెందినది. ఇప్పటి తోట రకాలలో అధిక భాగానికి ఇదే పూర్వ జాతి. పియోనియా అనోమలా రష్యాలోని కోలా ద్వీపకల్పం నుండి సైబీరియా, మంగోలియా వరకు వ్యాపించినది. పియోనియా టెన్యుయిఫోలియా ఉక్రెయిన్, దక్షిణ రష్యా, బాల్కన్ స్టెప్పీ మైదానాల మొక్క. దీని ఆకులు దారాల వలె సన్నగా, పువ్వు ముదురు ఎరుపుగా ఉంటుంది. నడివేసవికే ఆకులు ఎండిపోతాయి. మొక్క చనిపోయినదని భావించి తవ్వి పారవేయకూడదు. ఈ విశ్రాంతి కాలంలో దానికి నీరు ఎక్కువగా పెట్టకూడదు.

తేమగల సమశీతోష్ణ ప్రాంతాలు

బ్రిటన్, పశ్చిమ ఐరోపా, అమెరికా వాయవ్య తీరం ఈ కోవకు వస్తాయి. ఇక్కడ చలికాలం మితంగా, తేమగా ఉంటుంది. కాకసస్ పర్వతాలలో పుట్టిన పియోనియా మ్లోకోసెవిట్స్చి ఈ వాతావరణానికి బాగా సరిపోతుంది. దీని పువ్వులు లేత నిమ్మపండు రంగులో ఉంటాయి. పోలండ్ దేశీయుడైన ప్రకృతి శాస్త్రవేత్త లుడ్విక్ మ్లోకోషేవిచ్ పేరు దీనికి పెట్టారు. పేరు పలకడం కష్టమై ఆంగ్లేయ తోటమాలులు దీనిని 'మోలీ ది విచ్' అని హాస్యంగా పిలుస్తారు. కొందరు శాస్త్రజ్ఞులు దీనిని పియోనియా డౌరికాలో ఉపజాతిగా పరిగణిస్తారు. టిబెట్‌కు చెందిన వృక్ష పియోనీ, పియోనియా లుడ్లోవై, కూడా ఇక్కడ సులభంగా పెరుగుతుంది. 1936లో లుడ్లో, షెరిఫ్‌ల యాత్ర ద్వారా ఇది బ్రిటన్ తోటలకు చేరినది. పసుపు పువ్వులు పూసే ఈ పొద రెండు మీటర్లకు మించి ఎదుగుతుంది.

మధ్యధరా వాతావరణం

ఇక్కడ చలికాలం వానగాను, వేసవి పొడిగాను ఉంటుంది. బాలియారిక్ దీవులకు చెందిన పియోనియా కాంబెసెడెసై, క్రీట్, రోడ్స్ దీవులకు చెందిన పియోనియా క్లూసై, ఐబీరియా ద్వీపకల్పానికి చెందిన పియోనియా బ్రోటెరై ఈ వాతావరణానికి అనువైనవి. వీటిలో దీవుల జాతులు చలికాలంలోనే చిగురిస్తాయి. గడ్డకట్టే చలి గల చోట ఆ లేత చిగుళ్ళు మాడిపోతాయి. అందువలన చలి ప్రదేశాలలో వీటిని కుండీలలో, గాజు ఇళ్ళలో పెంచుతారు.

పియోనియా కాలిఫోర్నికా కూడా చలికాలపు వానలకు చిగురించి వేసవిలో నిద్రించే మొక్కయే. పియోనియా బ్రౌనై మాత్రం ఎత్తైన పొడి నేలలలో మంచు కరిగిన తరువాత పూస్తుంది. ఈ రెండింటికీ వేసవిలో నీరు పెడితే వేర్లు కుళ్ళుతాయి. తోటలో నిలబెట్టడం కష్టమైన జాతులుగా వీటికి పేరున్నది.

వేడి, తేమ గల వేసవి ప్రాంతాలు

జపాన్, తూర్పు చైనా, అమెరికా తూర్పు రాష్ట్రాలలో చలికాలం చాలినంత చల్లగా ఉన్నా, వేసవిలో ఉక్కపోత ఉంటుంది. చెట్ల నీడలో పెరిగే పియోనియా ఒబోవేటా, పియోనియా జపోనికా ఇక్కడ తగినవి. వృక్ష పియోనీలలో పియోనియా ఓస్టీ వేడిని మిగిలిన వాటికంటే మెరుగుగా తట్టుకుంటుంది. మధ్యాహ్నపు ఎండ తగలకుండా, గాలి ఆడేటట్లు నాటితే శిలీంధ్ర తెగుళ్ళు తగ్గుతాయి.

హిమాలయ ప్రాంతం

భారతదేశంలో సహజంగా పెరిగే పియోనీ పియోనియా ఎమోడి. ఇది ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, పశ్చిమ నేపాల్ కొండలలో సుమారు 2,000 మీటర్లు, ఆపై ఎత్తున అడవుల అంచులలో కనిపిస్తుంది. తెల్లని పువ్వులు ఒక్కొక్క కాండానికి ఒకటి కంటే ఎక్కువగా పూస్తాయి. యునానీ వైద్యంలో దీని వేరును 'ఊద్ సలీబ్' అని వ్యవహరిస్తారు. కొండ గ్రామాలలో లేత చిగుళ్ళను కూర వండుకుంటారు. పాక్షిక నీడ, ఆకు ఎరువు గల తేమ నేల దీనికి కావాలి.

ఉష్ణమండల మైదానాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాలలో పియోనీలు నిలవవు. హైదరాబాదులో జనవరి నెలలో కూడా సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్. లంబసింగి వంటి కొండ గ్రామాలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత బాగా పడిపోయినా, పగటి వేడి వలన వారాల తరబడి చలి నిలవదు. తెలుగువారు ఈ మొక్కను పెంచాలంటే హిమాలయ రాష్ట్రాలలోనో, చలి దేశాలలోనో నివసిస్తూ ఉండాలి. విదేశాల నుండి వచ్చిన వేరు ముక్కలు మైదానాలలో మొదటి ఏడాది చిగురించడం సాధ్యమే. అది వేరులో అంతకు ముందు దాచుకున్న ఆహారం వలన, అంతకు ముందు పొందిన చలి వలన జరిగేది. దానిని చూసి మొక్క కుదురుకున్నదని అనుకోరాదు.

నాటే విధానం

* నీరు నిలవని, లోతైన నేల ఎంచుకోవాలి. ఎక్కువ జాతులు సున్నపు పాలు గల నేలను కూడా తట్టుకుంటాయి.
* వేర్లను శరదృతువులో నాటాలి. ఉత్తరార్ధగోళంలో ఇది సెప్టెంబరు, అక్టోబరు నెలలు. న్యూజిలాండ్, టాస్మేనియాలలో కాలాలు తారుమారుగా ఉంటాయి.
* గుల్మ పియోనీల మొగ్గ కన్నులు నేలకు 3 నుండి 5 సెంటీమీటర్ల లోతున ఉండాలి. మరీ లోతుగా నాటితే పువ్వులు రావు.
* పచ్చి పశువుల ఎరువును వేర్లకు తగలనీయకూడదు.
* ఆకులు వాటంతట అవి ఎండిన తరువాతనే కోయాలి.

విత్తనాల ద్వారా పెంపకం

పియోనీ విత్తనాలలో రెండు దశల సుప్తావస్థ ఉంటుంది. మొదట తేమతో కూడిన వెచ్చదనంలో ప్రథమమూలం బయటకు వస్తుంది. తరువాత చలికాలం గడిస్తేనే ప్రథమకాండం నేలపైకి వస్తుంది. అందువలన కాయ నుండి తీసిన తాజా విత్తనాలను వెంటనే విత్తాలి. ఎండి గట్టిపడిన విత్తనాలు మొలవడానికి రెండవ వసంతం వరకు పట్టవచ్చు. మొలక రాలేదని కుండీలోని మట్టిని పారబోయడం తగదు. నేల లోపల వేరు అప్పటికే పెరుగుతూ ఉండవచ్చు.

ఒకే తోటలో వేర్వేరు జాతులు కలిసి పూస్తే కీటకాల ద్వారా సంకరం జరుగుతుంది. అటువంటి విత్తనాల నుండి వచ్చే మొక్కలు తల్లి జాతి లక్షణాలతో ఉండకపోవచ్చు. శుద్ధమైన జాతి కావాలంటే పువ్వులకు సంచి కట్టి చేతితో పరాగ సంపర్కం చేయాలి.

తెగుళ్ళు

బొట్రైటిస్ అనే బూజు తెగులు వలన లేత కాండాలు మొదలు వద్ద కుళ్ళి వాలిపోతాయి, మొగ్గలు నల్లబడతాయి. సోకిన భాగాలను కోసి తోట నుండి తొలగించాలి. మొగ్గలపై చేరే చీమలు తేనె కోసం వచ్చేవి. అవి మొక్కకు హాని చేయవు. చీమలు లేనిదే మొగ్గ విచ్చుకోదన్న నమ్మకం నిజం కాదు.

పరిరక్షణ

స్టెప్పీ మైదానాలను దున్నడం వలన టెన్యుయిఫోలియా నివాసాలు తగ్గిపోయాయి. చైనాలో వేరు బెరడును మందుగా వాడడం వలన అడవి వృక్ష పియోనీలను విరివిగా తవ్వారు. వాటిలో పలు జాతులు ఇప్పుడు అరుదైనవి. హిమాలయాలలోనూ పియోనియా ఎమోడి వేర్లను మందు కోసం సేకరిస్తారు. జార్జియాలోని లగోదేఖి అడవికి 1912 నుండి రక్షణ ఉన్నది. దానిని సాధించడంలో మ్లోకోషేవిచ్ కృషి ముఖ్యమైనది.

పువ్వు పూసే వయస్సు రావడానికి ఏళ్ళు పట్టే మొక్క కాబట్టి, అడవి నుండి తవ్విన ప్రతి వేరు స్థానం భర్తీ కావడానికి చాలా కాలం కావాలి. పైగా తవ్వి తెచ్చిన ముదురు వేర్లు కొత్త చోట సులభంగా కుదురుకోవు. లుడ్లోవై జాతి తన జన్మస్థానంలో అరుదుగా మిగిలినా, విత్తనాల ద్వారా అనేక దేశాల తోటలలో సమృద్ధిగా పెరుగుతున్నది. తోటమాలులు అడవి వేర్లను కొనకుండా, విత్తనాల నుండి పెంచిన మొక్కలనే తీసుకోవడం ఈ జాతుల మనుగడకు మేలు చేస్తుంది.