నలభై వేల గంటల గడువు

2022 జూలై 8న అమెరికాలోని హ్యాకర్ న్యూస్ అనే టెక్నాలజీ వార్తల సైటు ఆగిపోయింది. సైట్లు ఆగిపోవడం రోజూ ఉండేదే. ఇది ఆగిన తీరే వింత. ఆ సైటుకు అసలు సర్వర్ ఒకటి ఉంది. అది పడిపోతే అందుకోవడానికి సిద్ధంగా ఉంచిన సర్వర్ మరొకటి ఉంది. మొదటిదాంట్లో డిస్కులు పోయాయి. నిర్వాహకులు రెండోదాని మీదికి మారారు. కొన్ని గంటలు గడిచాయో లేదో, దాని డిస్కులూ పోయాయి. చివరికి అమెజాన్ క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకుని, బ్యాకప్‌లోంచి సైటును లేపాల్సి వచ్చింది.

కోనసీమలోని రావులపాలెంలో ఉన్నవాళ్లకు ఈ గొడవతో చాలా పని ఉంది. అరటి మార్కెట్ కమీషన్ లెక్కలైనా, ఆస్పత్రి రిపోర్టులైనా, కాలేజీ ఫీజుల ఖాతా అయినా దేనికదే వేరే కంప్యూటర్ కొనక్కర్లేదిప్పుడు. ఒకే పెట్టెలో నాలుగైదు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, నడిపితే చాలు, చాలా చవక. కానీ డిస్కు పోయిందంటే నాలుగైదు ఆఫీసుల పని ఒకేసారి ఆగుతుంది. అందుకని రెండు డిస్కులు బిగించి, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడేలా మిర్రర్ చేస్తారు. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే మోడల్ రెండు కొంటారు. చిక్కుముడి సరిగ్గా ఇక్కడే పడుతుంది.

డిస్కులు పోతే ఎవరైనా మొదట అనుమానించేది కరెంటునే. కరెంటు దెబ్బే అయితే రెండు సర్వర్లూ ఒకే క్షణంలో పడాలి. ఇక్కడ గంటల తేడా ఉంది. పోనీ, కాకతాళీయం అనుకుందామా? లెక్క వేసి చూద్దాం. ఒక డిస్కు ఏడాదిలో పోయే అవకాశం నూటికి 2 అనుకోండి. జంటలో ఒకటి పోయిన ఇరవై నాలుగు గంటల్లోపే రెండోదీ పోవాలంటే, ఆ అవకాశం ఏడాదికి సుమారు నాలుగున్నర లక్షల్లో ఒకటి. అలాంటిది రెండు సర్వర్లలోనూ జరిగిందంటే కాకతాళీయమని సరిపెట్టుకోలేం.

ఆ లెక్కలోనే ఒక షరతు దాగి ఉంది. ఒక డిస్కు చావుకూ రెండోదాని చావుకూ సంబంధం లేదనుకున్నప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు బర్క్లీ పరిశోధకులు రెయిడ్ పద్ధతిని ప్రతిపాదించారు. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కుల గుంపు వాడమన్నారు. వాళ్ల లెక్కలూ ఈ షరతు మీదే నడిచాయి. షరతు తప్పితే?

తప్పుతుందని 2019 నవంబరులోనే ఒక హెచ్చరిక వచ్చింది. తాము అమ్మిన కొన్ని ఎస్ఎస్‌డీలు (చిప్‌ల మీద డేటా దాచే డిస్కులు) సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక ఆగిపోతాయని సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ ప్రకటించింది. ఆగాక డిస్కూ పనికిరాదు, అందులోని డేటా కూడా తిరిగి రాదు. ఒకేసారి వాడకం మొదలుపెట్టినవి దాదాపు ఒకేసారి పోవచ్చని కూడా చెప్పింది. 32,768 అంటే రెండును పదిహేనుసార్లు వేసి గుణించిన సంఖ్య. అరిగిపోయిన సరుకు అంత కచ్చితమైన అంకె దగ్గర ఆగదు. ప్రోగ్రాములో తప్పుంటేనే అలా ఆగుతుంది.

2020 మార్చిలో అదే కంపెనీ మరో హెచ్చరిక చేసింది. ఈసారి వేరే మోడళ్లు, గడువు 40,000 గంటలు. అంటే 4 ఏళ్ల 206 రోజుల 16 గంటలు. డెల్ కూడా శాన్‌డిస్క్ తయారీ డిస్కుల ఫర్మ్‌వేర్‌కు, అంటే డిస్కు లోపలి ప్రోగ్రాముకు, సవరణ ఇస్తూ కారణం రాసింది. ఒక బఫర్ సూచిక గరిష్ఠ విలువను ఎన్ దగ్గర సరిచూడాల్సింది పోయి, ఎన్ మైనస్ ఒకటి దగ్గర సరిచూశారట. ఒక్క అంకె తేడా!

ఇక హ్యాకర్ న్యూస్ సంగతి. అక్కడ పోయినవి ఆ 40,000 గంటల డిస్కులేనా అన్న ప్రశ్న వచ్చింది. చచ్చిన డిస్కులోంచి గంటల మీటరు చదవలేరు. సర్వర్లు అద్దెకిచ్చిన ఎం5 హోస్టింగ్ కంపెనీ తన రికార్డులు తీసింది. యంత్రం వివరాలు నమోదైన తేదీ, అప్పగించిన తేదీ, డిస్కులు పోయిన తేదీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టింది. డిస్కులు శాన్‌డిస్క్‌వి. నడిచిన గంటలు 39,984కీ 40,032కీ మధ్య. ముడి వీడింది. మిర్రర్ ఉంది, రెండో సర్వర్ ఉంది, కానీ అన్నీ ఒకే వయసువి. ఒకే రోజు కోసి, ఒకే గదిలో మగ్గబెట్టిన అరటి గెలలన్నీ ఒకేసారి పండవూ?

ఆ 2022లోనే కోనసీమకు ఇదే పాఠం వేరే రూపాల్లో ఎదురైంది. జిల్లా పేరు మార్పు విషయంలో మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగాక, మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా పొలిమేరలకు పోయారు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఉన్న బ్యాకప్ క్షేమంగానే ఉంటుంది, కానీ మన చేతికి అందదు. జూలై మధ్యలో గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. నీళ్లొచ్చే గదిలో ఎన్ని కాపీలుంటే ఏం లాభం? గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న రావులపాలేనికి ఇది ఊహించి చెబుతున్న భయం కాదు.

కాబట్టి నా దృష్టిలో కాపీలు ఎన్ని ఉన్నాయన్నది రెండో ప్రశ్న. ఒకే కారణంతో అవన్నీ పోతాయా అన్నది మొదటి ప్రశ్న. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మిర్రర్‌లో రెండు డిస్కులూ వేర్వేరు కంపెనీలవి పెట్టండి. లేదా ఒకటి కొన్ని నెలలు నడిచాకే రెండోది చేర్చండి. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్, డిస్కుల్లో డేటా చూసుకునే జెడ్ఎఫ్ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. జెడ్ఎఫ్ఎస్‌తో వర్చువల్ మెషీన్లకు స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసి, మారిన భాగం మాత్రమే మరో పాత కంప్యూటర్‌కు పంపొచ్చు. ఆ కంప్యూటర్‌లో మామూలు హార్డ్ డిస్కు ఉంటే మరీ మంచిది. అది గౌతమి దాటి రాజమండ్రిలో ఉంటే ఇంకా మంచిది. నెట్ ఆగిన రోజుల కోసం ఒక కాపీ యూఎస్‌బీ డిస్కులో తీసి, పని కాగానే వైరు పీకి బీరువాలో పెట్టండి. మిర్రర్‌ను బ్యాకప్ అనుకోవద్దు. పొరపాటున చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ తాళం వేసినా అంతే.

ఈ వారం మీ ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాణ్ణి పిలిచి రెండు పనులు చేయించండి. ఒకటి, ప్రతి డిస్కూ ఎన్ని గంటలు నడిచిందో, డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో చూసి, మోడల్ నంబరుతో సహా కాగితం మీద రాయించండి. తయారీ కంపెనీ ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చి ఉంటే, బ్యాకప్ తీసుకుని వెంటనే వేయించండి. రెండోది, బ్యాకప్‌లోంచి ఒక వర్చువల్ మెషీన్‌ను వేరే పెట్టెలో లేపి, నిన్నటి బిల్లు కనిపిస్తోందో లేదో మీ కళ్లతో మీరే చూడండి.