ఈల మోగిన వేసవి

హైదరాబాదు, సికింద్రాబాదు పురపాలక సంస్థలు 1960లో ఒక్కటయ్యాయి. ఆ ఉమ్మడి సంస్థ చేసిన మంచి పనుల్లో పిల్లల వేసవి క్రీడా శిక్షణ శిబిరాలొకటి. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలు కలిసి జి.హెచ్.ఎం.సి. ఏర్పడ్డాక కూడా ఆ ఆనవాయితీ కొనసాగింది.

బడులకు సెలవులివ్వగానే, ఎండ ముదరకముందే, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండు వంటి చోట్ల తెల్లవారుజామున ఈల మోగేది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఈత, రుసుము నామమాత్రమే. అందువల్లనే గుమాస్తా బిడ్డా, అధికారి బిడ్డా ఒకే వరుసలో నిలబడ్డారు. 2020 లాక్‌డౌన్‌లో మైదానాలు మూగబోయినప్పుడు గాని వాటి విలువ మనకు తెలిసిరాలేదు.

శిక్షకులు మళ్ళీ దొరుకుతారు. పోయిన మైదానం దొరకదు. మిత్రులారా, ఉదయపు నడకకు మనుమలను కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. పిల్లలు ఆడే నేలను కబ్జా చేయడం అంత తేలిక కాదు.