తాళం తీసే ఉన్న ఖజానాకి టిక్కెట్టు కొంటారా?

ఊరికే దొరికేదాన్ని డబ్బులిచ్చి ఎవరైనా కొంటారా? మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. లినక్స్ ఊరికే వస్తుంటే రెడ్ హ్యాట్‌కి డబ్బులెవరు కడతారని ఒకప్పుడు టీ కొట్టు దగ్గర తెగ వాదించుకునేవాళ్ళం. 2019లో ఐబీఎం ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకి కొన్నాక ఆ వాదన చల్లబడింది. అయితే ఇదే ప్రశ్న మనకంటే ముందే, ఇంకా మొండిగా, ఒక రాక్ బ్యాండుకి ఎదురైంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అని వాళ్ళ పేరు.

ఒక బ్యాండు బీరువాలో విడుదల కాకుండా ఉండిపోయిన రికార్డింగుల్ని బయటపెడితే అభిమానులు డబ్బిస్తారా అన్న చర్చ వస్తే అందరూ బీటిల్స్ పేరో బాబ్ డిలన్ పేరో చెబుతారు. నా దృష్టిలో అసలైన పరీక్ష మాత్రం డెడ్ కథే. మిగతావాళ్ళ బీరువాలకి తాళం ఉంది. అప్పుడప్పుడు దొంగచాటుగా ఒకటీ అరా బయటికి పొక్కినా, సరుకు లోపలే ఉంది. వీళ్ళ సరుకులో చాలా భాగం అప్పటికే జనం ఇళ్ళలో క్యాసెట్ల రూపంలో ఉంది. అదీ బ్యాండు అనుమతితోనే!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1965లో మెన్లో పార్క్‌లో ఒక పిజ్జా కొట్లో 'వార్లాక్స్' అన్న పేరుతో వాయించడం మొదలుపెట్టిన కుర్రాళ్ళు వీళ్ళు (సన్నీవేల్, శాన్ హోసేల్లో ఉండే మనవాళ్ళు కాల్‌ట్రెయిన్‌లో దాటిపోయే ఆ మెన్లో పార్కే). 1995 ఆగస్టులో జెర్రీ గార్సియా చనిపోయేదాకా ముప్ఫై ఏళ్ళలో 2,300కి పైగా కచేరీలు చేశారు. ఏ రాత్రి ఏ పాట వాయిస్తారో ముందుగా రాసిపెట్టుకునే అలవాటు పెద్దగా లేదు. ఒక పాట ఒక ఊళ్ళో ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది, ఇంకో ఊళ్ళో అరగంట దాకా సాగుతుంది. ఒకే కీర్తనని ఒకే విద్వాంసుడు పది కచేరీల్లో పాడితే పదిసార్లూ వినడానికి వెళ్ళే మన రసికుల సంగతి తెలుసు కదా, ఆ బాపతే. అలాంటి బ్యాండుకి స్టూడియోలో చేసిన ఆల్బమ్ ఒక నమూనా మాత్రమే. అసలు సరుకు కచేరీలోనే ఉంది.

అందుకని అభిమానులు టేప్ రికార్డర్లు పట్టుకొచ్చేవాళ్ళు. మొదట్లో చాటుమాటుగా, తర్వాత బాహాటంగా. వాయించడం అయిపోయాక దాంతో మాకు పని లేదు, కావాలంటే పట్టుకుపోనివ్వండి అన్న ధోరణి గార్సియాది. చివరికి సౌండ్‌బోర్డు ముందు మైకుల అడవి లేచి, సౌండ్ ఇంజనీరుకి వేదిక కనిపించని పరిస్థితి వచ్చింది. ఇంకొకళ్ళైతే మైకులు నిషేధించేవాళ్ళు. వీళ్ళు 1984 అక్టోబరులో సౌండ్‌బోర్డు వెనకాల టేపర్లకి ప్రత్యేకంగా చోటిచ్చి, దానికి వేరే టిక్కెట్లు పెట్టారు. షరతు ఒక్కటే: అమ్ముకోకూడదు. ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఖాళీ క్యాసెట్లూ, తిరుగు పోస్టేజీ పంపితే ముక్కూమొహం తెలియనివాడు కూడా కాపీ తీసి పంపేవాడు.

క్యాసెట్‌కి కాపీ తీసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, వెనకాల హోరు పెరుగుతుంది. అందుకే 'ఎన్నో తరం కాపీ' అన్నది అక్కడ కులగోత్రాలంత ముఖ్యమైన వివరం. 1990ల చివర్లో నాణ్యత పోకుండా ఫైళ్ళు కుదించే పద్ధతులు వచ్చాక ఈ బాధ తీరింది. ఈట్రీ అనే బృందం కచేరీలని సర్వర్ల మీద పెట్టి పంచింది. బిట్‌టోరెంట్‌ని మొదట్లోనే అందిపుచ్చుకున్నది కూడా ఈ కచేరీల పిచ్చోళ్ళే. మనం పైరసీ అనగానే గుర్తు చేసుకునే ఆ ప్రోటోకాల్ తొలిరోజుల్లో నిక్షేపంగా అనుమతి ఉన్న సంగీతాన్ని మోసిందన్నమాట. ఈ బ్యాండుకి పాటలు రాసిన జాన్ పెర్రీ బార్లోనే 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకడు. టేపులు పంచుకోనివ్వడం వల్లే మా కచేరీలకి జనం పెరిగారని ఆయన 1994లోనే వాదించాడు. కచేరీ టిక్కెట్ల మీద బతికినంతకాలం ఆ లెక్క సరిపోయింది. గార్సియా పోయాక టిక్కెట్లు లేవు. మిగిలింది ఖజానా ఒక్కటే.

ఆ ఖజానా కథ వేరు. బ్యాండు వైపు నుంచి కూడా మొదటి రోజుల్నుంచీ ఎవరో ఒకరు సౌండ్‌బోర్డు నుంచి నేరుగా టేపు చేస్తూనే ఉన్నారు. ఔస్లీ స్టాన్లీ అనే ఆయన (ఎల్‌ఎస్‌డీ తయారీకి పేరు మోసిన మహానుభావుడు) తన సౌండ్ సెటప్ ఎలా ఉందో తర్వాత విని సరిచేసుకోవడానికి రీళ్ళు తీసేవాడు. లాగ్ ఫైళ్ళు అనుకోండి. తర్వాత బెట్టీ కాంటర్-జాక్సన్ తీసినవి నాణ్యతలో ఇంకో మెట్టు పైన. ఈ రీళ్ళన్నిటికీ 1980ల్లో కాపలాదారుగా వచ్చినవాడు డిక్ లాట్వాలా. సంగీత వ్యాపారంలోంచి వచ్చినవాడు కాదు, టేపులు పోగేసే వీరాభిమాని. కచేరీకి ఇంత అని నోటుబుక్కుల నిండా అభిప్రాయాలు రాసుకునే రకం.

1993లో 'డిక్స్ పిక్స్' మొదటి సంపుటి వచ్చింది. 1973 డిసెంబరులో ఫ్లోరిడాలోని టాంపాలో జరిగిన కచేరీ. ఇది చరిత్రలోంచి తీసిన ఒక ఫొటో లాంటిది, ఆధునిక రికార్డింగు కాదు, లోపాలుంటాయి అని సీడీ మీదే హెచ్చరిక అచ్చువేశారు. రిలీజ్ నోట్స్‌లో తెలిసిన బగ్గులు రాసి మరీ వదిలినట్టు! ఇలాంటి నిజాయితీ నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో లేదు :-) 1999లో డిక్ చనిపోయినా సిరీస్ ఆగలేదు. 2005 నాటికి 36 సంపుటాలయ్యాయి.

వాటిని కొన్నదెవరు? కొత్తవాళ్ళు కాదు. ఇంట్లో గోడ నిండా క్యాసెట్లున్నవాళ్ళే. రెండువేల పైచిలుకు కచేరీలు ఊరికే దొరికితే అది వరం లాగే కనిపిస్తుంది గానీ, ఆఫీసు, పిల్లలు, ఇంటి లోను ఉన్న మనిషికి అందులోంచి ఏది వినాలో తేల్చుకోవడమే ఒక ఉద్యోగం. అవన్నీ విన్న ఒకడు 'ఇది విను' అని చెబితే దానికి విలువుంది. జనం శబ్దానికి కట్టింది సగం, డిక్ చెవులకి కట్టింది సగం అని నా అభిప్రాయం. సంపుటాల పేరులోనే ఆయన పేరు పెట్టడం ఊరికే జరగలేదు.

ఇక 2005 నవంబరు. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా ఆసక్తి కలిగించే ఘట్టం ఇదే. అప్పటికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ డెడ్ రికార్డింగులు ఉచితంగా దించుకోవడానికి ఉండేవి. బ్యాండు తన సొంత సైటులో డౌన్‌లోడ్లు అమ్మడం మొదలుపెట్టింది. పక్క వీధిలో ఊరికే పంచుతుంటే మన కొట్లో ఎవరు కొంటారు అన్నది మామూలు వ్యాపారి లెక్క. ఆర్కైవ్ నుంచి డౌన్‌లోడ్లు తీసేయమన్నారు, తీసేశారు.

అభిమానులు భగ్గుమన్నారు. మీ సరుకేదీ కొనమంటూ బహిష్కరణ పత్రం మీద వేలమంది సంతకాలు పెట్టారు. మామూలుగా ఉచితానికి అలవాటు పడ్డవాళ్ళ గోల అని కొట్టిపారేయచ్చు. కానీ సంతకాలు పెట్టినవాళ్ళలో ఆ 36 సంపుటాలూ కొన్నవాళ్ళున్నారు. బ్యాండులో బేస్ వాయించే ఫిల్ లెష్ ఈ నిర్ణయంలో తన పాత్ర లేదని బహిరంగంగా చెప్పాడు. బార్లో కూడా వ్యతిరేకించాడు. వారం పదిరోజుల్లోనే రాజీ కుదిరింది: ప్రేక్షకులు తీసిన టేపులు మళ్ళీ దించుకోవచ్చు, సౌండ్‌బోర్డు టేపులు మాత్రం వినడానికే.

ఆ గీత ఎక్కడ పడిందో చూడండి. మైకు మోసుకెళ్ళి, టేపు కొని, రాత్రంతా నిలబడి నేను తీసింది నాది, అది మా అందరిదీ. నీ వైరు నుంచి నువ్వు తీసింది నీది, అమ్ముకో. లాయర్లు కూర్చుని రాసిన లైసెన్సులో ఇంత శుభ్రంగా ఉండదు. ఇవ్వనిది అమ్మితే ఎవరికీ కోపం రాలేదు, ఒకసారి ఇచ్చింది వెనక్కి లాక్కుంటేనే వచ్చింది. ఓపెన్ సోర్సుగా మొదలై, పెద్దయ్యాక లైసెన్సు మార్చుకునే ప్రాజెక్టుల మీద మనవాళ్ళకి వచ్చే కోపం కూడా సరిగ్గా ఈ రకమే.

సరే, తాళం మళ్ళీ తీశాక వ్యాపారం మునిగిందా? 2006లో ఖజానా నిర్వహణ రైనో అనే కంపెనీకి వెళ్ళింది. 2011లో 1972 యూరప్ పర్యటన మొత్తం, 22 కచేరీలు, 73 సీడీలు, ట్రంకుపెట్టె లాంటి డబ్బాలో పెట్టి 450 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. 7,200 పెట్టెలు. నాలుగైదు రోజుల్లో అయిపోయాయి. 2015లో ఏడాదికొకటి చొప్పున 30 కచేరీలు, 80 సీడీలు, 700 డాలర్లు. అవీ మిగల్లేదు. 2012 నుంచి డిక్ తర్వాత వచ్చిన డేవిడ్ లెమ్యూ పేరుతో 'డేవ్స్ పిక్స్', ఏడాదికి నాలుగు, ముందే చందా కట్టే వీలూ ఉంది. 2024 ఫిబ్రవరిలో 49వ సంపుటి, స్టాన్‌ఫర్డ్‌లో 1985లో చేసిన కచేరీలు, బిల్‌బోర్డ్ టాప్ 40లో చేరింది. దాంతో ఆ బ్యాండుకి టాప్ 40 ఆల్బమ్‌లు 59 అయ్యాయి. ఎల్విస్ ప్రెస్లీ, ఫ్రాంక్ సినాత్రా 58 దగ్గరున్నారు. బ్యాండు ఆగిపోయిన 29 ఏళ్ళకి!

ఈ రికార్డు చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. చందాదార్ల కాపీలన్నీ ఒకే వారంలో లెక్కలోకి వస్తాయి, ఈ రోజుల్లో సీడీలు కొనేవాళ్ళే తక్కువ, అందుకని చిన్న సంఖ్యతోనే పట్టికలో పైకి పోవచ్చు. ఒక్కో సంపుటి పాతిక వేల కాపీలకే పరిమితం. అంటే 'అభిమానులు డబ్బిస్తారా' అన్నదానికి జవాబు: పాతిక వేలమంది ఇస్తారు, మళ్ళీ మళ్ళీ ఇస్తారు. లక్షలమంది ఇవ్వరు. నెలకింత అని లెక్కగట్టి కోట్ల చందాదార్లని ఊహించే స్టార్టప్ కుర్రాళ్ళకి ఇది నిరాశగానే ఉంటుంది.

మిగతావాళ్ళ అనుభవాలూ దాదాపు ఇదే చెబుతాయి. పర్ల్ జామ్ 2000 పర్యటనలో 72 కచేరీలని సీడీలుగా వదిలింది, కొన్నారు. 2019లో రేడియోహెడ్ మినీడిస్కులు దొంగిలించి లక్షన్నర డాలర్లు అడిగితే, వాళ్ళు ఆ 18 గంటల సరుకునీ 18 పౌండ్లకి తామే అమ్మేసి వచ్చింది ఒక పర్యావరణ ఉద్యమానికి ఇచ్చేశారు. నీల్ యంగ్ 2018లో తన ఖజానా మొత్తాన్నీ ఏడాదికి 20 డాలర్ల లోపు చందాకి పెట్టాడు. అన్నిటికంటే వింతైనది డిలన్‌ది. యాభై ఏళ్ళలోపు విడుదల చెయ్యకపోతే యూరప్‌లో రికార్డింగు మీద హక్కు పోతుందని, 2012 చివర్లో ఆయన పాత రికార్డింగుల్ని వంద కాపీలు మాత్రం అచ్చొత్తించి వదిలారు. అభిమానుల కోసం కాదు, చట్టం కోసం!

డబ్బు సంగతి ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, టేపు శాశ్వతం కాదు. 1970, 80ల నాటి చాలా రీళ్ళలో జిగురు చెమ్మ పీల్చుకుని అంటుకుపోతుంది, అలాగే తిప్పితే పొరలు ఊడొస్తాయి. సన్న సెగ మీద గంటల తరబడి వేడిచేసి, ఆ తర్వాత కొద్దిరోజుల్లో కాపీ తీసుకోవాలి. ఇంకా చిత్రమైన పని ఒకటుంది. రికార్డు చేసేటప్పుడు మన చెవికి వినపడనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో 'బయస్' అనే సంకేతం కూడా టేపులో సన్నగా మిగిలిపోతుంది. దాన్ని గడియారంగా వాడుకుని, ఆ రాత్రి మోటారు ఎక్కడ తడబడిందో కనిపెట్టి సాఫ్ట్‌వేర్‌తో వేగం సరిచేస్తున్నారు. ఎవడో పనికిరాదనుకున్న నాయిస్ యాభై ఏళ్ళకి టైమ్‌స్టాంప్ అయ్యిందన్నమాట. ఈ పనులకి జీతాలు కావాలి, చల్లటి గది కావాలి. ఔస్లీ తీసిన 1,300కి పైగా రీళ్ళని ఆయన పేరిట ఉన్న ఒక లాభాపేక్ష లేని సంస్థ ఇలాగే, కొన్ని అమ్ముతూ, ఆ డబ్బుతో మిగతావి కాపాడుకుంటూ వస్తోంది.

డబ్బు లేకపోతే ఏమవుతుందో బెట్టీ రీళ్ళే చెబుతాయి. 1986లో ఆమె అద్దె కట్టలేక, సామాను పెట్టుకున్న గది వేలానికి పోయింది. దాంతోపాటు ఆ రీళ్ళూ పోయాయి. కొన్నవాళ్ళ దగ్గర కొన్ని సరైన చోటు లేక పాడవసాగాయి. వాటిని బాగుచేసి, కాపీలు తీసి, చేతులు మార్చి బతికించింది అభిమానులే. అందులో ఒకటి 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగిన కచేరీ. చాలామంది లెక్కలో వాళ్ళ అత్యుత్తమమైనది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చేనాటికి అది ఇంకా అధికారికంగా విడుదలే కాలేదు!

రీళ్ళు ఖజానాకి తిరిగొచ్చాక, 2017 మేలో, కచేరీ జరిగిన నలభై ఏళ్ళకి, దాన్ని సీడీలుగా అమ్మారు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది దగ్గర అప్పటికే ఒక క్యాసెట్టో, ఒక ఫోల్డరో ఉండే ఉంటుంది. ఆ రాత్రి హాల్లో నిలబడి అభిమానులు తీసుకున్న టేపులైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికీ ఊరికే దించుకోవచ్చు.