మోజికో స్టేషను

రైలు స్టేషనులకు పేర్లు మారుట వింత గాదు. ఊరి పేరు మారినప్పుడు, ప్రభువులు మారినప్పుడు పలకలు మారుచుండును. కాని ఒక పెద్ద స్టేషను పేరును తీసి, అయిదున్నర కిలోమీటర్ల దూరమున నున్న చిన్న స్టేషనునకిచ్చి, పెద్దదానికి వేరొక పేరు తగిలించుట అరుదు. జపాను దేశమున, క్యూషూ దీవి ఉత్తరపు కొసయందున్న మోజి పట్టణమున 1942 ఏప్రిలు 1వ తేదీన అట్టి పని జరిగినది. అర్ధ శతాబ్దికి పైగా మోజి యని పిలువబడిన స్టేషను నాటినుండి మోజికో అయినది. ‘కో’ యనగా రేవు. మోజి యను పేరు దైరి యను చిన్న స్టేషనునకు పోయినది. ఆ కథను అది జరిగిన చోటనే తెలిసికొనవలెనను కోరికతో మేము ఒకనాటి ఉదయము కొకురాలో చిన్న బండి నెక్కితిమి.

ఎడమవైపు సముద్రము కనబడుచు మాయమగుచు వచ్చెను. బండి నిలిచిన తరువాత చూతుము గదా, ఎదుట పట్టాలు లేవు. ఇక్కడికి వచ్చిన ప్రతి బండియు వచ్చిన దారినే వెనుకకు మరలవలసినదే. పట్టాల కొసలు, వాని వెనుక స్టేషను భవనము, దాని ముందు విశాలమగు బయలు, ఆవల సముద్రము. సముద్రమునకు ఆవలి ఒడ్డున హొన్షూ దీవియు, షిమోనొసెకి పట్టణమును చేయి చాచిన అందునేమో యనిపించునట్లున్నవి.

ఈ రెండు ఒడ్డుల నడుమ నున్న జలసంధికి కన్మోన్ అని పేరు. అది మిక్కిలి ఇరుకైన చోట 700 మీటర్లయిన వెడల్పు లేదు. అయినను దానిని దాటుట సులభము గాదు. ప్రవాహము గోదావరి వరదవలె పరుగెత్తును. పైగా దినమునకు నాలుగు మారులు దిక్కు మార్చుకొనును. 1185లో తైరా, మినమొతో వంశములవారి కడపటి నౌకాయుద్ధము దాన్నౌరా వద్ద ఈ నీళ్లలోనే జరిగినది. ఓడిన తైరావారితోపాటు బాలచక్రవర్తి అంతోకు కూడ మునిగిపోయెను. పూర్వము ఇక్కడ రాకపోకలను తనిఖీ చేయు ఠాణా యుండెడిది. మోజి యను పేరును వ్రాయు రెండక్షరములలో మొదటి దానికి ద్వారమనియు, రెండవ దానికి అధికారి యనియు అర్థము. ద్వారపాలకుడన్నమాట. ఊరికి ఇంతకంటె తగిన పేరు దొరకదు.

పేరు గొప్పదే గాని పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు ఊరు గొప్పది గాదు. సముద్రపు టొడ్డున ఉప్పుమళ్లు, కొన్ని బెస్త యిండ్లు. 1889లో షిబుసవా ఎయిచి మొదలైన ధనవంతుల తోడ్పాటుతో ఒక కంపెనీ ఏర్పడి, ఉప్పుమళ్లను పూడ్చి రేవు కట్టుటకు పూనుకొన్నది. ఆ యేడే ప్రభుత్వము బియ్యము, గోధుమలు, గోధుమపిండి, బొగ్గు, గంధకము అను అయిదు సరకుల ఎగుమతికి మోజికి అనుమతి యిచ్చెను. అయిదింటిలోను అసలైనది బొగ్గు. మోజికి నైరుతి దిశనున్న చికుహో గనులలో బొగ్గు అపారముగా నుండెను. దానిని ఓడ దరికి చేర్చుటకు రైలు కావలసివచ్చెను. క్యూషూ రైల్వే కంపెనీ జర్మను ఇంజనీరు హెర్మాన్ రుంషెట్టెల్ సలహాతో వేసిన మార్గము 1891 ఏప్రిలు 1న మోజిని చేరినది. కంపెనీ తన ముఖ్య కార్యాలయమును కూడ అక్కడికే మార్చుకొన్నది. ఆ ఎర్రయిటుక భవనము ఇప్పటి స్టేషనునకు కూతవేటు దూరములో నేటికి నిలిచి, 2003 నుండి రైల్వే ప్రదర్శనశాలగా నున్నది. క్యూషూ రైలు మార్గములకు సున్న మైలుగా లెక్కించిన చోటు గుర్తు కూడ ఆ ఆవరణలోనే కలదు.

రేవున బొగ్గు నింపు పని చూచినవారికి గాని దాని కష్టము తెలియదు. ఓడ ప్రక్కన నిచ్చెనలు కట్టి, మెట్టునకొకరు చొప్పున కూలీలు నిలిచి, బొగ్గు తట్టలను చేతినుండి చేతికి పైకందించెడివారు. వారిలో స్త్రీలును ఉండిరి. నేడు ఆ ఒడ్డున తిరుగువారికి కనబడునవి అందమైన భవనములు. వానిని నిలిపిన ధనము ఆ తట్టలలో పైకెక్కినదే.

1901లో హొన్షూ వైపు రైలు మార్గము షిమోనొసెకి వరకు వచ్చినది. ఆ దినముననే రెండు ఒడ్డుల నడుమ రైలు కంపెనీ స్టీమర్లు ప్రారంభమైనవి. తోక్యో, ఒసాకాల నుండి క్యూషూకు పోవువారందరు ఆవల బండి దిగి, స్టీమరెక్కి, పావుగంటలో ఇవతల దిగి, మోజిలో మరల బండి యెక్కవలెను. సరకు సంగతి మరింత కష్టము. బండి నుండి దింపి పడవ కెక్కించి, పడవనుండి దింపి బండి కెక్కించుట. 1911లో పెట్టెలను పెట్టెలుగానే పడవలపై నెక్కించి దాటించు ఏర్పాటు మోజి ప్రక్కనున్న కొమొరియెకు జరిగినది. ఇట్లు దీవి కంతటికి గుమ్మమైన ఊరిలో మొదటి స్టేషను చాలకపోయెను. దానికి సుమారు 200 మీటర్ల దూరమున, రేవునకు మరింత దగ్గరగా, 1914లో కట్టినదే యిప్పటి భవనము.

అది రాతి కట్టడము వలె కనబడును గాని కొయ్యతో కట్టినది. రెండంతస్తులు; నడుమ నిలువుగీత గీచి చూచిన కుడియెడమలు సమముగా నుండును. యూరపులోని పునరుజ్జీవన కాలపు భవనముల పోలిక. మాకు నచ్చినది మాత్రము ఆ డాబు గాదు, లోపలి చిన్న వస్తువులు. స్నానాదికములకై పోవు చోట ఒక పెద్ద కంచు తొట్టి యున్నది. యుద్ధకాలములో దేశమందలి లోహపు వస్తువులను, గుడి గంటలతో సహా, ఫిరంగుల కొరకు పోగుచేసినప్పుడు ఎట్లో ఇది తప్పించుకొన్నది. అందుచేత దానికి అదృష్టపు తొట్టి యని పేరు. మూడవ తరగతి ప్రయాణికులు కూర్చుండిన గది ఇప్పుడు కాఫీ అంగడి. మూడవ తరగతి బల్లలపై రాత్రులు గడపిన మా పెద్దలు ఈ మార్పును చూచిన ఏమనెడివారో!

స్టేషను ఎదుటనే మిత్సుయి వర్తక సంఘమువారు 1921లో తమ అతిథులకై కట్టించిన భవనమున్నది. అది మొదట వేరొక వీధిలో నుండెను. 1994లో ఇక్కడికి తరలించిరి. 1922 డిసెంబరులో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ దంపతులు జపాను పర్యటన ముగించి ఓడ కొరకు వేచియుండి బస చేసినది ఆ యింటనే. ఆ దినములలో ఊరి పిల్లల క్రిస్మసు వేడుకకు పోయి ఆయన వయొలిను వాయించెను. డిసెంబరు 29న ఓడ యెక్కెను. 1917 నాటి ఒసాకా ఓడల కంపెనీ భవనము, ఎనిమిది పలకల గోపురముతో, ఆ చేరువనే యున్నది. ఖండాంతరములకు పోవువారు వేచియున్నది దాని క్రింది అంతస్తులోనే.

ఊరివారు ఇంతకంటె ఇష్టముగా చెప్పుకొను సంగతి అరటిపండ్లది. తైవాను నుండి కోబేకు పోవు ఓడలలో దారిలోనే మగ్గిన గెలలను మోజిలో దింపి అమ్మివేసెడివారు. రేపటికి నిలువని సరకు కనుక, అమ్మువాడు బల్లపై కర్రతో చరచుచు, లయబద్ధముగా మాటలల్లుచు, ధర దించుచు పోవును. మన తిరునాళ్లలో పాటపాడి సరకమ్మువారికి అన్నదమ్ములే. ఆ అమ్మకపు విద్యకు తమ ఊరే పుట్టినిల్లని చాటుచు ఒక శిల నాటినారు.

ఈ సందడియంతయు స్టీమరు మీద ఆధారపడియుండెను. స్టేషనునుండి స్టీమరు దగ్గరకు పోవుటకు నేలక్రింద ఒక దారి యుండెను. దాని మొదలు ఇప్పటికిని కలదు. మెట్లు దిగి చూచితిమి. గోడలో ఒక చిన్న కన్నము. యుద్ధకాలమున ప్రక్క గదిలో కావలివారు కూర్చుండి, దాటిపోవువారి ముఖములను ఆ కన్నము గుండ చూచుచు అనుమానము కలిగినవారిని పట్టుకొనెడివారు. వెలుపల ఎంతో అందముగా నున్న భవనములో ఆ కన్నమెదుట నిలిచినప్పుడు మాకు మాట రాలేదు.

1936లో జలసంధి క్రింద సొరంగము త్రవ్వ నారంభించిరి. రైలు కొరకు సముద్రము క్రింద జపానులో త్రవ్విన మొదటి సొరంగమది. పొడవు 3,614 మీటర్లు. బండి సముద్రము క్రిందినుండి వాలుగా పైకి రావలెను గదా, రేవు అంచునున్న మోజి స్టేషను దగ్గర తేలుటకు వీలులేదు. దక్షిణముగా దైరి వద్ద తేలినది. అందుచేత 1942 ఏప్రిలులో పేర్ల మార్పు. జులైలో సరకు బండ్లు, నవంబరులో ప్రయాణికుల బండ్లు సొరంగమున నడచినవి. రెండవ సొరంగము 1944లో తెరచిరి. తోక్యో బండ్లకు మోజికోతో పని లేకపోయెను.

ఆ ఏప్రిలు నెల మనవారికిని జ్ఞాపకముండదగినది. మోజిలో పలకలు మార్చిన అయిదవ దినమున, 6వ తేదీన, జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. ఒడ్డున ఇండ్లు విడిచి లోపలి గ్రామములకు పరుగెత్తిన కుటుంబముల కథలు మనము విన్నవే. అదే యుద్ధమునకు ఈ రేవునుండి సైనికులు ఓడలెక్కిరి. వారితో పోయిన గుఱ్ఱములు కడసారి నీరు త్రాగిన తొట్టి ఇప్పటికిని ఊరిలో కలదు. 1945 మార్చి నుండి అమెరికా విమానములు జలసంధిలో మందుపాతరలు వదలి ఓడలను ఆపివేసినవి. జూను 29న పట్టణము మీద నిప్పు కురిపించినవి. ఓడిన పిదప పరదేశములనుండి మరలివచ్చినవారు అనేకులు ఈ స్టేషనులో దిగి, ఆవరణలోని కుళాయి వద్ద దోసిలి పట్టి నీరు త్రాగిరట. నాటినుండి దానికి ‘కయెరి మిజు’, అనగా తిరిగివచ్చినవారి నీరు, అని పేరు. మేమును ఆ నీరు త్రాగితిమి. మంచినీరే, రుచిలో విశేషమేమియు లేదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1958లో మనుష్యులకును మోటార్లకును సొరంగము. కాలినడక దారి 780 మీటర్లు. 1963లో మోజి పట్టణము పొరుగునున్న నాలుగు నగరములతో కలిసి కిటక్యూషూ అయినది. 1964 అక్టోబరు 31న రైలు స్టీమరు ఆగిపోయినది. 1973లో 1,068 మీటర్ల వ్రేలాడు వంతెన; 1975లో అతివేగపు రైలు వేరొక సొరంగమున దూసుకొనిపోయెను. బొగ్గు గనులు మూతపడినవి. దారులు పెరిగినకొలది మోజికో దారికి దూరమైనది.

భవనము బ్రదికినది అందుచేతనే యని మా అభిప్రాయము. హకతా స్టేషనును 1963లో చోటు మార్చి క్రొత్తగా కట్టిరి, 2011లో మరల కట్టిరి. కొకురా స్టేషను 1958లో చోటు మారినది. లాభము వచ్చుచోట పాతది నిలువదు. మోజికోను పడగొట్టి క్రొత్తది కట్టవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. 1988లో ప్రభుత్వము దీనిని ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించెను; జపానులో ఈ గౌరవము పొందిన మొదటి రైలు స్టేషను ఇదియే. 1995లో రేవు ప్రాంతమంతయు యాత్రాస్థలముగా తీర్చిరి. 2012లో భవనమును విప్పి బాగుచేయ మొదలిడి 2019 మార్చిలో ముగించిరి.

ఇంత శ్రద్ధ చూచి సంతోషించుచుండగా మరియొక సంగతి తెలిసినది. 2023లో నగరపాలకులు ఒక క్రొత్త కార్యాలయ భవనమునకై నేల త్రవ్వించగా, 1891 నాటి మొదటి మోజి స్టేషను ఇంజనుషెడ్డు పునాదులు బయల్పడినవి. పండితులు వానిని ఉన్నచోటనే ఉంచుడని వేడిరి. 2024లో ప్రాచీన కట్టడముల పరిరక్షణకై పాటుపడు అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ కూడ హెచ్చరించెను. నగరపాలకులు భవనము కట్టుటకే నిశ్చయించి పునాదులను తొలగింప మొదలుపెట్టిరి. క్రొత్త కార్యాలయము అక్కరలేదని మేమనలేము. ఊరిలో వృద్ధులు ఎక్కువ, పాత కార్యాలయములు శిథిలములు. కాని ఉప్పుమళ్లు రేవైన తొలినాటి పని ఆ రాళ్లలో నుండెను. పై గోడలకు దొరికిన ఆదరము మట్టిలోని పునాదులకు దొరకలేదు. చూచుటకు ముచ్చటగా లేకపోవుటయే వాని నేరము కాబోలు.

సాయంకాలము మరల బండి యెక్కితిమి. కొమొరియె దాటి, మోజి యని పలక గల స్టేషనులో దిగి, షిమోనొసెకి బండికి మారితిమి. ఇంటికి పోవు బడిపిల్లలు, సంచులతో గృహిణులు. అక్కడినుండి సొరంగములోనికి పోవునప్పుడు తీగలలోని విద్యుత్తు ఒక రకమునుండి వేరొక రకమునకు మారును. మేము కూర్చుండిన పెట్టెలో దీపములు ఒక్క క్షణము ఆరిపోయి మరల వెలిగినవి. మేము తప్ప ఎవరును తల యెత్తలేదు.